తుడియలూరు అతుకు
కోయంబత్తూరు నుంచి మేట్టుపాళయం వెళ్లే దారిలో తుడియలూరు. 1937లో జి.డి. నాయుడు, డి. బాలసుందరం ఎలక్ట్రిక్ మోటారు తయారుచేసిన నగరం కోయంబత్తూరు కదా, ఈ చుట్టుపక్కల ఇనుము అందరికీ చుట్టమే.

గ్రైండరుకు స్టాండు కావాలన్నా, మిద్దె మెట్లకు రెయిలింగు కావాలన్నా వెల్డరు ముందు టేపుతో ఇంటికొస్తాడు. గోడ వంకరైతే గేటునూ ఆ వంకరకే సరిపెడతాడు. రెడీమేడ్ సరుకుకు ఆ మర్యాద తెలియదు.

నాకు నచ్చేది అతని నిదానం. మొదట మూలల్లో చుక్కల్లా అంటించి, మూలమట్టం పెట్టి, కర్ణాలు రెండూ కొలిచి సమానమయ్యాకే పూర్తి అతుకు వేస్తాడు. ఒకే పక్క వరుసగా కాలిస్తే వేడికి ఫ్రేము వంగిపోతుంది మరి. పైనున్న స్లాగు సుత్తితో రాలగొట్టాకే పనితనం బయటపడుతుంది. రంగు వేశాక అన్ని అతుకులూ అందంగానే ఉంటాయి!

గేటు చేయించుకునేవారు రెడాక్సైడు పూయకముందే షెడ్డుకు వెళ్లి చూసుకోండి.