చిటికెడు అంటే ఎంత?

వంట పుస్తకానికి సాహిత్యం పేజీలో చోటేమిటని మీరు అడగవచ్చు. అడగండి. నవలలు రాసుకునే నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. నా కథానాయిక కాఫీ కలిపితే ఆమె మనసులో ఏముందో పేజీన్నర రాస్తాను గాని, ఆ కాఫీ ఎలా కలిపిందో రాయడం కూడా రచనేనని ఏనాడూ తోచలేదు. తోచేలా చేసింది ముదినేపల్లిలో ఉన్న మా తోడికోడలి లెక్కల పుస్తకం.

అది నిజంగా లెక్కల పుస్తకమే. చేపల చెరువుకి ఎన్ని బస్తాల తవుడు, ఎంత వేరుశనగ చెక్క వేశారో మా బావగారు రాసుకునేది. 2020 మార్చి నెలాఖరున లాక్‌డౌన్ వచ్చింది. పట్టుబడికి వచ్చిన బొచ్చె, శీలావతి చెరువులోనే ఉండిపోయాయి. మా చెరువుకి లారీ రాలేదు, కొనేవాడు రాలేదు. చేప మాత్రం మేత అడుగుతుంది కదా! సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారికి పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. మేత కొనడం తగ్గాక పుస్తకంలో కాగితాలు మిగిలాయి. మా అక్కయ్య వాటి మీద వంటలు రాయడం మొదలుపెట్టింది. ఎడమవైపు బస్తాల లెక్క, కుడివైపు పులుసు.

ఇంత కష్టంలో ఇదేం పనని అడిగితే, "అత్తయ్య ఇక నోటితో చెప్పలేదుగా అమ్మాయ్! నేను పైకి చదువుతుంటే అవునో కాదో కళ్ళతో చెబుతోంది. అదైనా పోకుండా ఉంటుందని" అంది.

తరవాత ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. విమర్శకురాలి కళ్ళతో చూస్తే తప్పులు బోలెడు. "చింతపండు కాస్త", "ఉప్పు సరిపడా", "మెంతిపిండి చిటికెడు", "దగ్గర పడ్డాక దించడం". ఎవరి చిటికెడు? నాట్లు వేసిన చేతి చిటికెడు వేరు, కలం పట్టిన చేతి చిటికెడు వేరు. ఎంత దగ్గర పడాలి? తెలిసినవాళ్ళకి ఈ పుస్తకం అక్కర్లేదు, తెలియనివాళ్ళకి పనికిరాదు.

ఇక్కడే మాలతీ చందూర్ గారు గుర్తుకొస్తారు. 2022లో జిల్లాలు మార్చినప్పుడు ఆవిడ పుట్టిన నూజివీడూ, మా ముదినేపల్లీ ఒకే ఏలూరు జిల్లాలోకి వచ్చాయి. కనుక మా ఊరివారని చెప్పుకునే హక్కు నాకు కొత్తగా దొరికింది! 'హృదయనేత్రి' నవలకు సాహిత్య అకాడమీ బహుమతి అందుకున్న ఆవిడే 'వంటలు - పిండివంటలు' రాశారు. ఎన్నో ముద్రణలు పొందిన ఆ పుస్తకంలో నాకు కనిపించే పెద్ద గుణం దయ. అమ్మా, అత్తా దగ్గర లేని ఊళ్ళో కాపురం పెట్టి, పక్కింటివాళ్ళని అడగడానికి సిగ్గుపడే పిల్లకి పక్కన నిలబడి చెప్పిన పుస్తకం అది. కొలత చెప్పడమంటే ముక్కూ మొహం తెలియని మనిషికి చేసే మర్యాద.

ఇంకేం, నేనూ ఆ మర్యాద చేద్దామని కూర్చున్నాను. అక్కయ్య పుస్తకానికి శుద్ధప్రతి రాశాను. చెంచాలు, గ్లాసులు చేర్చాను. అనవసరమనిపించిన మాటలు కొట్టేశాను. ముదినేపల్లి వెళ్ళి చదివి వినిపించాను. అంతా విని, "బాగుంది అమ్మాయ్. ఎవరింటి వంట ఇది?" అంది.

ఏం కొట్టేశానో ఇంటికొచ్చి మళ్ళీ చూశాను. "చింతపండు నిండుకుంది. పెరట్లో రాలిన మామిడికాయ వేశాను. కుదిరింది." ఇది కొట్టేశాను. "పులుసులో ఉప్పు బాగా తగ్గించాను. అత్తయ్యకి వద్దన్నారు. ఆవిడకొక్కదానికీ వేరే వండితే చిన్నబుచ్చుకుంటుంది. అందరికీ అదే. ఈయన మాట్లాడకుండా తిన్నారు." ఇదీ కొట్టేశాను! మేత అప్పు తలమీద పెట్టుకున్న మనిషి చప్పిడి పులుసు మారుమాట లేకుండా తినడం వంటలో భాగం కాదనుకున్నాను. నా నవలల్లో ఇంత చిన్నదీ, ఇంత బరువైనదీ వాక్యం ఒక్కటి ఉందా అని వెతుక్కున్నాను. ఫలితం మీకు చెప్పను.

ఈ సంగతి మన పెద్దలు ఎరగనిది కాదు. 'ఆముక్తమాల్యద'లో విష్ణుచిత్తుడి ఇంటి అతిథులకు ఒక్కో కాలంలో ఒక్కో భోజనం. ముసురు పట్టిన రోజుల్లో ఎండు కట్టె దొరకదని రాయలవారికి తెలుసు. అందుకే కొబ్బరి పొచ్చులు పొయ్యిలో పెట్టించి, వరుగులూ వడియాలూ వడ్డింపించారు. చక్రవర్తి అయివుండీ తడికట్టె బాధ తలచుకున్నాడే, అందుకే ఆ భోజనం ఇప్పటికీ వేడిగా ఉంది.

ఇంతకంటే పెద్ద కష్టంలోనూ వంటలు రాసినవాళ్ళున్నారు. రెండో ప్రపంచయుద్ధంలో నాజీలు తెరెజిన్‌లో నిర్బంధించిన యూదు స్త్రీలు ఆకలితో మాడుతూనే తమ ఇళ్ళ వంటకాలు చిత్తుకాగితాల మీద రాసుకున్నారు. వారిలో మీనా పెక్టర్ 1944లో అక్కడే కన్నుమూసింది. ఆ కాగితాలు పాతికేళ్ళకు న్యూయార్క్‌లో ఉన్న కూతురికి చేరాయి. 1996లో పుస్తకంగా వచ్చాయి. వండుకోవడానికి ఏమీ లేనిచోట కూడా వంట రాశారంటే, అది కడుపు కోసం రాసింది కాదు గదా!

ఇప్పుడు వచ్చే వంట పుస్తకాలతో నా పేచీ ఇదే. వాటిలో కొలతలకు లోటు లేదు. కాని ఆ ఇళ్ళలో చింతపండు నిండుకోదు, ఎవరికీ జబ్బు చెయ్యదు, ఎవరి కోసం వండుతున్నారో తెలియదు.

అలాగని అక్కయ్య పుస్తకాన్ని నెత్తిన పెట్టుకోను. కొలతలు లేకపోవడం సరే, అంతకంటే పెద్ద లోపం ఒకటుంది. అత్తగారు కళ్ళతో అవునన్నవే రాసింది. కాదన్నవి రాయలేదు. రుచి తెలిసేది ఆ "కాదు" దగ్గరే. 2021లో అత్తగారు పోయారు. ఇక అడగడానికి లేదు.

రెండో శుద్ధప్రతి మొదలుపెట్టాను. ఈసారి కొట్టివేతలు లేవు, పక్కన కొలతలు మాత్రం రాస్తున్నాను. మొన్న అక్కయ్య చేత మెంతిపిండి చిటికెడు తీయించి చెంచాలో వేయించాను. పావు చెంచా తేలింది. నేను రాసుకుంటుంటే అక్కయ్య చెంచాకేసి చూసి, "అత్తయ్య చిటికెడు ఇంకాస్త ఉండేది అమ్మాయ్" అంది.

అదీ రాశాను.