తగవు తీర్చు పదములు: ఉత్తర తెలంగాణ వ్యవహారముపై ఒక విమర్శ

వివాద పరిష్కారమునకు సంబంధించిన తెలుగు పదములను వరుసగా పరిశీలించినచో ఒక విశేషము గోచరించును. తగవును తీర్చుటకై ఏర్పడిన మాటలే కాలక్రమమున తగవునకు పేర్లైనవి. "తగవు" శబ్దమే ఇందులకు ప్రథమోదాహరణము. "తగు" ధాతువునుండి పుట్టిన ఈ పదమునకు ప్రాచీన కావ్యములందు న్యాయము, యుక్తము అనునవి ముఖ్యార్థములు. నేటి వ్యవహారమున అది కలహవాచకము. న్యాయము కోరువారెల్ల కలహించువారే యగుటచే అర్థము ఇట్లు జరిగినదని ఊహింపవచ్చును.

కరీంనగరు, ఆదిలాబాదు ప్రాంతముల వాడుకలో "పంచాయితి" పదమునకును ఇదే గతి పట్టినది. (2016లో ఈ జిల్లాలు పెక్కింటిగా విభజింపబడినవి, ఇందు పూర్వపు ఎల్లలనే గ్రహించుచున్నాను.) ఐదుగురు పెద్దల కూటమి యని దీని మూలార్థము. "వాళ్లకు వీళ్లకు పంచాయితి అయింది" అనినచో కలహము జరిగినదని అర్థము. "పంచాయితి పెట్టిండ్రు" అనినచో విచారణ జరిపిరని అర్థము. "పంచాయితి తెగింది" అనినచో వివాదము ముగిసినదని అర్థము. వ్యాధికి, వైద్యమునకు, స్వస్థతకు ఒకే పదము వాడుట వంటిది ఇది. "తెగు" క్రియ ఇచట గమనింపదగినది. తీర్పు ఒకరిని గెలిపించుటకన్న చిక్కుపడిన దారమును తెంపుటయే యని ఈ వాడుకలోని భావము.

నిజాము రాజ్యమున మొదట పారసీకము, 1884 ప్రాంతమునుండి ఉర్దూ అధికారభాషలగుటచే ఈ ప్రాంతపు న్యాయపదజాలము ఆ మూలముననే పెరిగినది. దావా, ఫిర్యాదు, ఫైసలా, జుర్మానా, వకీలు మున్నగునవి పల్లెనోటను నిలిచినవి. ఇందు రెండు పదముల చరిత్ర ప్రత్యేకముగా పరిశీలింపదగినది. "ముద్దయీ" యనగా ఉర్దూలో దావా వేసినవాడు. ఎవనిపై దావా వేయబడినదో వాడు "ముద్దా అలైహ్". తెలుగున "ముద్దాయి" నేరారోపణకు గురియైనవాడు. రెండు పదముల ధ్వనులు కలిసిపోవుటచే వాది స్థానమున ప్రతివాది నిలిచినాడు కావచ్చును. ఇక "రాజీనామా" యనగా ఇరుపక్షములు తృప్తిపడి వ్రాసికొను సమాధానపత్రము. నేడు తెలుగున అది ఉద్యోగమునో పదవినో విడుచుటకు వ్రాయు పత్రము. "రాజీ" మాత్రము పూర్వార్థముననే మిగిలినది.

మధ్యస్థుని తీర్పునకు ఉర్దూలో "సాలిసీ" యను పదము కలదు. "సాలిస్" అనగా మూడవవాడు. ఇది కచేరీ భాషలోనిదే కాని ఊరివాడుకలో వేరూనలేదు. ఊరివారికి "పెద్దమనుషులల్ల పెట్టుడు" అను పలుకుబడియే చాలినది. ఇరుపక్షములచేత ముందుగా ధరావతు కట్టించుట, మాట తప్పినవానికి "తప్పు" వేయుట ఈ పద్ధతిలోని అంగములు. ఇచట "తప్పు" అనగా దోషమే కాదు, దండుగ కూడ. ఆదిలాబాదు గోండు గూడెములలో పట్లా ఈ బాధ్యత వహించును. అనేక గూడెముల వివాదములు రాయి సెంటరున సార్మేడి యెదుటికి వచ్చును. 1940లో కుమురం భీము మరణానంతరము నిజాము ప్రభుత్వము గోండుల స్థితిని పరిశీలించుటకై హైమెన్‌డార్ఫ్ పండితుని నియమించినది. 1948లో ప్రకటింపబడిన ఆయన గ్రంథము ఆదిలాబాదు రాజగోండుల జీవితమును గూర్చినదే.

ఇంతవరకు భాషాచరిత్ర. ఇక అసలు సమస్యను చెప్పవలసియున్నది. నేటి చట్టములలో వివాద పరిష్కార మార్గములు నాలుగు విధములుగా కనబడుచున్నవి. 1996 చట్టము ప్రకారము ఉభయులు వ్రాతపూర్వకముగా అంగీకరించి నియమించుకొన్న ఆర్బిట్రేటరు ఇచ్చు తీర్పు కోర్టు డిక్రీవలె అమలగును. చట్టము చెప్పిన కొలది కారణములపై మాత్రమే దానిని రద్దు చేయింపవచ్చును. 1987 చట్టము క్రింది లోక్ అదాలతు నిర్ణయము డిక్రీతో సమానము. దానిపై అప్పీలు లేదు. 2023 మీడియేషన్ చట్టము ప్రకారము మీడియేటరు తీర్పు చెప్పడు. ఉభయులను ఒప్పందమునకు తెచ్చును, ఆ ఒప్పందము డిక్రీవలె అమలగును. అదే చట్టము పేర్కొన్న సాముదాయిక మీడియేషనున కుదిరిన ఒప్పందము మాత్రము డిక్రీవలె అమలు కాదు. అది ఊరి శాంతికై ఏర్పడినది.

ఇంత భేదమున్న ఈ ప్రక్రియలకు మన పత్రికలు, అనువాదములు తరచుగా వాడునది "మధ్యవర్తిత్వము" అను ఒకే పదము. 2021 డిసెంబరులో హైదరాబాదున ప్రారంభమైన సంస్థ పేరున ఆర్బిట్రేషన్, మీడియేషన్ అని రెండు పదములుండగా తెలుగున తరచుగా "అంతర్జాతీయ మధ్యవర్తిత్వ కేంద్రము" అనియే వ్యవహరించిరి. రెండు భావములలో ఒకటి దారిలోనే జారిపోయినది.

ఇది పండితుల పట్టింపు మాత్రమేనా? న్యాయస్థానములు పేరును గాక పత్రములోని విషయమును చూచునని కొంద రనవచ్చును. అది నిజమే. కాని న్యాయస్థానము పత్రమును చూచుట చివరిమాట. సంతకము చేయువాడు చూచుట మొదటిమాట. పొలముగట్టు తగాదాలో "మధ్యవర్తి మాటకు కట్టుబడుదును" అని వ్రాసియిచ్చిన రైతు తాను తీర్పునకు లోబడినాడో, సలహాకు ఒప్పుకొన్నాడో తెలియక సంతకము చేయుచున్నాడు. ఉత్తర తెలంగాణమున గ్రామాభివృద్ధి సంఘములు కొన్ని జరిమానాలు విధించుట, సాంఘిక బహిష్కారము ప్రకటించుట పెక్కుమార్లు వార్తలకెక్కినది. చట్టబలము లేని ఆ నిర్ణయములను కూడ "తీర్పు" అనియే పిలుచుచున్నాము. పదము అస్పష్టమైనచోట బలవంతుని అర్థమే చెల్లును.

పూర్వులు ఈ విషయమున మనకన్న జాగరూకులు. యాజ్ఞవల్క్యస్మృతి రాజనియుక్తులు, పూగము, శ్రేణి, కులము అని విచారించువారిని వేరువేరుగా పేర్కొని, వారిలో ముందు చెప్పినవారు అధికులని నిర్ణయించినది. ఆ స్మృతికి వ్యాఖ్యయైన మితాక్షరను పదమూడవ శతాబ్దమున మూలఘటిక కేతన "విజ్ఞానేశ్వరీయము"గా తెలుగు చేసినాడు. ధర్మశాస్త్రమును తెలుగున చెప్పుటకు భాష చాలదనుట అప్పుడే తొలగిపోయినది.

కావున నా సూచన ఇది. ఉభయుల అంగీకారముపై నిర్ణయము చెప్పువానిని "తీర్పరి" యనవలెను. ఇది మనకున్న మాటయే. ఒప్పందమునకు తెచ్చువానికి మాత్రమే "మధ్యవర్తి" పదమును ఉంచవలెను. ఒప్పందపత్రమునకు "రాజీపత్రము" చాలును. "రాజీనామా"ను తిరిగి తేబూనుట వ్యర్థము. "పెద్దమనుషులు" అను మాట ఆత్మీయమైనదే కాని అందు కులము, ఆస్తి, పురుషత్వము ముందే పెద్దరికము సంపాదించుకొని కూర్చున్నవి. శాస్త్రపదముగా అది పనికిరాదు.

"తీర్పరి" పదమున కోర్టు వాసన కలదని ఆక్షేపింపవచ్చును. ఆ వాసన ఉండవలసినదే. సంతకము చేయువానికి తాను వాకిలి దాటి లోపలికి వచ్చినాడని ఆ పదమే తెలుపవలెను. మాండలిక పదములను సేకరించు పరిశోధక విద్యార్థులు ఈ రెండు ప్రాంతముల పంచాయితి పలుకుబడులను వాటి సందర్భములతో సహా నమోదు చేసినచో ఈ సూచనలోని గుణదోషములు తేలగలవు.