నిమ్మ వాసనంతా తొక్కలోనే

ఇటలీలోని సొరెంటో, అమాల్ఫీ తీరంలో నిమ్మ తొక్కలను ఘాటైన స్పిరిట్‌లో నానబెట్టి, చక్కెర పాకం కలిపి లిమొన్‌చెల్లో అనే తీపి మద్యం చేస్తారు. వికారాబాద్, తాండూరు ఇళ్లలో ఆ సీసా కనిపించదు. ఇక్కడ ఇంట్లో సారా కాస్తే నేరం. అయినా నిమ్మ వాసనను నెలల తరబడి నిలవ ఉంచే విద్య మన వంటింటికి కొత్తేమీ కాదు. అక్కడ స్పిరిట్ చేసే పనిని ఇక్కడ ఉప్పు, చక్కెర, ఎండ పంచుకున్నాయి.

నిమ్మకాయలో పులుపు రసానిది, వాసన తొక్కది. పై పొరలోని సన్నటి తిత్తుల్లో నూనె ఉంటుంది. అందులో ఎక్కువ భాగం లిమోనీన్ అనే పదార్థం. అది నీళ్లలో కరగదు, ఆల్కహాల్‌లో కరుగుతుంది. లిమొన్‌చెల్లోలో పాకం పోయగానే ద్రవం పాలలా తెల్లబడేది అందుకే: నీటి పాలు పెరిగేసరికి నూనె సన్నటి బిందువులుగా విడిపోతుంది.

అమాల్ఫీ నిమ్మకు తొక్క మందం. చెక్కి తీయడం తేలిక. మన కాగజీ నిమ్మది పలచటి తొక్క, చెక్కబోతే రసమే కారుతుంది. కాబట్టి మనవాళ్లు కాయను తొక్కతో సహా ఊరేస్తారు.

తెలంగాణలో నిమ్మకాయ తొక్కు పెట్టేటప్పుడు మొదటి కట్టుబాటు తడి లేకపోవడం. బాగా పండిన పసుపు కాయలను కడిగి, పొడిబట్టతో తుడిచి, ఆరబెట్టి కోస్తారు. గింజలు తీసేస్తారు, ఉంచితే చేదెక్కుతుంది. నాలుగు గ్లాసుల ముక్కలకు ఒక గ్లాసు ఉప్పు, కొంచెం పసుపు వేసి జాడీలో మూడు రోజులు ఊరనిస్తారు. తర్వాత ముక్కలను పిండి ఒకచోట, ఊటను ఇంకోచోట ఎండబెడతారు. సాయంత్రం ముక్కలను మళ్లీ ఊటలో వేస్తారు. ఇలా కొన్నాళ్లు చేస్తే గట్టి తొక్క మెత్తబడి, ఊటను పీల్చుకుంటుంది. కారం, మెంతిపొడి, పోపు ఆ తర్వాతే.

ఎండబెట్టే చోటు గురించి తాండూరువాళ్లకు చెప్పనక్కర్లేదు. ఆ ఊరి నాపరాయి సున్నపురాయి. దాని మీద నిమ్మరసం పడి కాసేపు ఉంటే మెరుపు పోయి తెల్లటి మచ్చ మిగులుతుంది. ఆమ్లం రాయినే తినేస్తుందన్నమాట. అల్యూమినియం, ఇత్తడి గిన్నెలు వద్దనేదీ ఇందుకే. గాజు పళ్లెం, పింగాణీ జాడీ ఉంటే చాలు.

షర్బత్‌కు దారి వేరు. రసం పిండే ముందే పసుపు పొరను మాత్రం సన్నగా తురమాలి. తెల్లపొర తగిలితే చేదు. ఆ తురుమును చక్కెరలో వేసి చేత్తో గట్టిగా నలపాలి. పలుకుల రాపిడికి తిత్తులు చిట్లి, కొద్దిసేపట్లో చక్కెర తడిబారుతుంది, వేళ్లకు జిడ్డు తగులుతుంది. మూతపెట్టి రాత్రంతా ఉంచాలి. ఆ చక్కెర రెండు గ్లాసులుంటే గ్లాసు నీళ్లు పోసి, కరిగేవరకు మాత్రమే వేడిచేసి వడకట్టి, పూర్తిగా చల్లారాక గ్లాసు నిమ్మరసం కలపాలి. వేడి మీద పోస్తే ఉన్న వాసన కూడా ఆవిరైపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టుకుని, సబ్జా గింజలతో ఇస్తే ఎండాకాలం చుట్టాలకైనా, రంజాన్ ఇఫ్తార్‌కైనా సరిపోతుంది.

ఈ పనికి డబ్బు లెక్క కూడా ఉంది. వానాకాలంలో నకిరేకల్ లాంటి మార్కెట్లకు కాయ దండిగా వస్తుంది, ధర పడిపోతుంది. గిరాకీ పెరిగే ఎండల్లో దిగుబడి తగ్గుతుంది. 2022 ఏప్రిల్‌లో ఒక్క నిమ్మకాయ పది రూపాయలు దాటిన సంగతి చాలామందికి గుర్తే. చవకప్పుడు ఊరేసిన జాడీ ఉన్న ఇల్లు ఆ ధరకు అంతగా బెదరదు: ఉప్పు నిమ్మ ముక్కను మజ్జిగలో పిసికితే పులుపూ, వాసనా రెండూ దొరుకుతాయి. రసం పిండి తొక్కను చెత్తలో పడేసే అలవాటు మానితే, కొన్న కాయకు ఇచ్చిన డబ్బంతా గిట్టుబాటవుతుంది.