తెరిచి చూశాకే లేచే మనిషి

గుంటూరు మిర్చి యార్డు సీజన్‌లో కమీషన్ కొట్టు పద్దు పోతే రైతుకు లెక్క చెప్పేదెలా? అందుకే ఆ ఆఫీసుల్లో నెట్‌వర్క్ బ్యాకప్ చూసేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం. బిల్లింగ్ విండోస్‌లో, సర్వర్ లైనక్స్‌లో ఉంటే మధ్యన వారధి సాంబా. 1991 చివర్లో ఆస్ట్రేలియాలో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది. అయినా చిక్కులు తప్పవు. ఫైలు పేరులో కోలన్ ఉంటే లైనక్స్‌కు అభ్యంతరం లేదు, విండోస్ ఒప్పుకోదు. బ్యాకప్ డిస్కు ఫ్యాట్32లో ఉంటే 4 జీబీ దాటిన ఫైలు ఎక్కనే ఎక్కదు.

బ్యాకప్ మధ్యలో ఆగితే పనిమంతుడు ఊరికే కేబుల్ మీద నెపం వెయ్యడు. లాగ్ చదువుతాడు, ఏ ఫైలు దగ్గర ఆగిందో పట్టుకుంటాడు, ఎవరైనా పాస్‌వర్డ్ మార్చారా అని అడుగుతాడు. బ్యాకప్ పూర్తయిందని తెర మీద పడినా నమ్మడు. అదే నాకు అన్నిటికన్నా నచ్చేది. నిన్నటి పద్దును వేరే కంప్యూటర్‌లోకి దింపి, తెరిచి, టిక్కీల, అంటే మిర్చి బస్తాల, లెక్క సరిపోయాకే కుర్చీలోంచి లేస్తాడు.