పల్నాటి వీరగాథ: దాయాదుల పోరులో నిర్వాసితుల జాడ

వ్యాససంగ్రహం

పల్నాటి యుద్ధగాథను విమర్శకులు ప్రధానంగా వీరరసప్రధానమైన రచనగా, దాయాదుల పోరుగా, శైవవైష్ణవ సంఘర్షణగా వ్యాఖ్యానించారు. కోడిపోరుకూ కారెంపూడి రణరంగానికీ నడుమ ఉన్న ఏడేళ్ళ ప్రవాసం ఈ వ్యాఖ్యానాలలో కేవలం కథాసంధిగా మిగిలిపోయింది. నిరంకుశ పాలనలో తలెత్తిన అంతర్యుద్ధం సామాన్య జనాన్ని నిర్వాసితులుగా మార్చిన తీరుకు ఈ ప్రవాసఘట్టమే ప్రధానసాక్ష్యమని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. లిఖితపాఠాన్నీ, మౌఖిక సంప్రదాయాన్నీ, కారెంపూడి వీరారాధననూ పక్కపక్కన ఉంచి ఈ ప్రతిపాదనను పరిశీలించడం జరిగింది.

కీలకపదాలు: పల్నాటి వీరచరిత్ర, అంతర్యుద్ధం, ప్రవాసం, మందపోరు, చాపకూడు, వీరారాధన.

1. ఉపోద్ఘాతం

2022 ఏప్రిల్ 4న ఏర్పడిన పల్నాడు జిల్లాలో నరసరావుపేట, సత్తెనపల్లి, ముప్పాళ్ళ మొదలైన ప్రాంతాలు కూడా చేరాయి. వీరగాథకు రంగస్థలమైన పల్నాడు ఇంతకంటే చిన్నది. గురజాల, మాచర్ల, కారెంపూడి పరిసరాలే దాని కేంద్రం. 12వ శతాబ్ది ఉత్తరార్ధంలో ఈ చిన్న సీమలో జరిగిన పోరు ఎనిమిది శతాబ్దాలు దాటినా జనం నోట నిలిచింది. ముప్పాళ్ళ వంటి ఊళ్ళు నేడు తమ జిల్లా పేరుతోపాటు ఆ పోరు జ్ఞాపకానికి కూడా వారసులయ్యాయి.

కథాసంగ్రహం తెలుగు పాఠకులకు సుపరిచితం. అనుగురాజు చందవోలు రాజకుమార్తె మైలమదేవిని పెండ్లాడి పల్నాటిని అరణంగా పొందాడు. అతని అనంతరం నలగామరాజు గురజాలలో, సవతితమ్ముడు మలిదేవుడు మాచర్లలో నిలిచారు. గురజాలలో నాయకురాలు నాగమ్మ, మాచర్ల పక్షాన బ్రహ్మనాయుడు అసలైన అధికారాన్ని నడిపారు. కోడిపందెంలో ఓడిన మలిదేవుని పక్షం ఏడేళ్ళు సీమను విడిచిపోయింది. గడువు తీరాక రాజ్యభాగాన్ని అడగడానికి రాయబారిగా వెళ్ళిన అలరాజు చర్లగుడిపాడులో విషప్రయోగానికి బలయ్యాడు. తరువాత కారెంపూడిలో యుద్ధం జరిగింది.

2. పందెంలో ఒడ్డిన వస్తువు

కోడిపోరును మహాభారతంలోని ద్యూతంతో పోల్చడం విమర్శలో పరిపాటి. ఈ పోలిక సమంజసమే గాని, ఒక ముఖ్యమైన భేదాన్ని మరుగుపరుస్తుంది. పాండవులు అడవికి వెళ్ళినప్పుడు ఇంద్రప్రస్థ ప్రజలు వారితో తరలిపోలేదు. మలిదేవుడు మాచర్లను విడిచినప్పుడు వీరులు, వారి కుటుంబాలు, గొల్లలు, పశువుల మందలు వెంట నడిచాయి. అంటే పందెంలో ఒడ్డినది సింహాసనం మాత్రమే కాదు. ఒక జనసమూహానికి తమ నేల మీద ఉండే హక్కు కూడా.

ఆ హక్కును ఒడ్డే ముందు ఆ జనాన్ని అడిగినవారు లేరు. నిరంకుశత్వ లక్షణాన్ని ఇక్కడ గుర్తించాలి. నలగాముని పేరు మీద ఆజ్ఞలు నడిపిన నాగమ్మను మాత్రమే నిరంకుశురాలిగా చిత్రించడం చలనచిత్రాల వరకూ కొనసాగిన అలవాటు. ఒక స్త్రీ మంత్రాంగం మీద నింద మోపితే మిగిలిన వ్యవస్థ నిర్దోషిగా కనిపిస్తుంది. సమర్థులైన మంత్రుల చాటున రాజులు నామమాత్రులుగా మిగలడం, రాజ్యతంత్రం ఇద్దరి పంతానికి కుదించుకుపోవడం ఉభయపక్షాలకూ సమానం. పందెం వేసిన నాగమ్మతోపాటు దానికి అంగీకరించిన బ్రహ్మనాయుడు కూడా ఆ నిర్ణయానికి బాధ్యుడే.

3. మందపోరు: ప్రవాసంలోని హింస

సీమను విడిచినవారికి ప్రవాసంలోనైనా రక్షణ లభించిందా అన్న ప్రశ్నకు మండాది ఘట్టం సమాధానం. మండాదిలో విడిసిన వీరుల మందలపై గురజాల పక్షం దాడి చేయించిందని కథ చెబుతుంది. పశువులు కూలాయి, వాటిని కాచిన గొల్లలు ప్రాణాలు కోల్పోయారు. ఆపై వీరులు మేడపికి చేరారు.

ఈ దాడి లక్ష్యం కోట కాదు, సైన్యమూ కాదు, మంద. పశువులే ఆస్తిగా, ఆహారంగా, రేపటి ఆధారంగా ఉన్న సమాజంలో మందను నరకడమంటే తిరిగి నిలదొక్కుకొనే అవకాశాన్నే నరకడం. ఓడినవారు వెళ్ళిపోవడంతో గెలిచినవారికి తృప్తి కలగలేదనీ, వారు తిరిగి రాలేని స్థితిని కల్పించడమే ఉద్దేశమనీ ఈ ఘట్టం సూచిస్తుంది. 2011 తరువాత సిరియా అంతర్యుద్ధంలో జనాభాలో సగానికి పైగా ఇళ్ళు విడిచారు. అక్కడ కూడా పొలాలు, రొట్టెల బట్టీలు, ఆసుపత్రులు దాడులకు గురయ్యాయి. కాలం, ఆయుధం వేరైనా జీవనాధారాన్ని గురిచూసే తర్కం ఒక్కటే.

పరిభాష విషయంలో ఒక జాగ్రత్త అవసరం. 1951 నాటి అంతర్జాతీయ ఒడంబడిక ప్రకారం స్వదేశపు ఎల్లలు దాటినవారే శరణార్థులు. ఎల్లలు దాటక చెదిరిపోయినవారిని 1998లో ఐక్యరాజ్యసమితి రూపొందించిన మార్గదర్శక సూత్రాలు అంతర్గత నిర్వాసితులుగా గుర్తించాయి. మధ్యయుగపు రాజ్యాలకు ఈ విభజన అక్షరాలా వర్తించదు. తమ సీమలోని మండాదిలో నిర్వాసితులైనవారు మేడపికి చేరేసరికి పరాయి నీడను ఆశ్రయించినవారయ్యారు. ఒకే జనం రెండు దశలనూ చవిచూడటం ఈ కథలోని విశేషం.

4. లిఖితపాఠం, మౌఖిక సంప్రదాయం

అక్కిరాజు ఉమాకాంతం పరిష్కరించి ప్రకటించిన, శ్రీనాథునికి ఆరోపితమైన ద్విపద కృతిలో ప్రాధాన్యం బాలచంద్రుని యుద్ధానికి దక్కింది. మాంచాల వీడ్కోలు, అనపోతు త్యాగం, రణోత్సాహం పాఠకుని మనసును ఆక్రమిస్తాయి. కావ్యం వీరుని ఎన్నుకొన్నప్పుడు నడిచి వెళ్ళిన జనం నేపథ్యానికి జరుగుతుంది.

మౌఖిక సంప్రదాయం దృష్టి ఇంతకంటే విశాలమైనది. జీన్ రోగైర్ కారెంపూడిలో గాయకుడు అలిసెట్టి గాలెయ్య నోట సేకరించి, 1982లో ఆంగ్లానువాదంతో ప్రకటించిన కథ యుద్ధంతో ప్రారంభం కాదు. వంశాల పుట్టుక, రాకపోకలు, ప్రవాసం అన్నీ అందులో భాగాలే. అనుగురాజు సైతం పరివారంతో బయటినుంచి తరలివచ్చినవాడే కావడం గమనార్హం. వచ్చినవారి కథగా మొదలై, వెళ్ళగొట్టబడినవారి కథగా నడిచిన ఈ గాథలో నేల మీద హక్కు అన్నది ఆది నుంచీ చర్చనీయాంశమే.

5. వీరారాధనలో ప్రవాసానికి దక్కిన స్థానం

కారెంపూడిలో ఏటా కార్తిక అమావాస్యతో ఆరంభమయ్యే వీరారాధన ఐదు రోజులు సాగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినాలకు పేర్లు. కథాక్రమంలో కోడిపోరు ముందు, మందపోరు తరువాత, రాయబారం ఆపైన వస్తాయి. ఆరాధనలో ఈ మూడింటి వరుస తలకిందులైంది. ఫలితంగా నిర్వాసితుల విషాదానికి గుర్తైన మందపోరు ఐదింటి నడుమ నిలిచింది.

కులభేదాలు పాటించకుండా ఒకే చాప మీద భుజించే చాపకూడు ఈ మందపోరు నాడే జరగడం మరింత అర్థవంతం. మాల కులస్థుడైన కన్నమదాసును కుమారునిగా, సేనానిగా స్వీకరించిన బ్రహ్మనాయుని సంస్కరణకు చాపకూడును చిహ్నంగా చెప్పడం అందరెరిగినదే. ఆ భోజనాన్ని మంద నరికిన రోజుతో జతచేసిన ఆరాధనా సంప్రదాయం మరొక అర్థాన్ని కూడా అందిస్తున్నది. ఇల్లూ వాకిలీ ఉన్నచోట అంతస్తులను కాపాడుకోవడం సులభం. అన్నీ పోయినచోట ఉన్న కూడును పంచుకోవడమే బతుకుతెరువు. సమానత్వం ఇక్కడ నాయకుని ఔదార్యంగా గాక, నిర్వాసితుల అవసరంగా దర్శనమిస్తుంది. అయితే అవసరం తీరిన తరువాత ఆ సమానత్వం ఊళ్ళలో ఎంత నిలిచిందన్న ప్రశ్న మిగిలే ఉంది. ఏడాదికొక రోజు పరచే చాప ఆదర్శాన్ని గుర్తుచేస్తూనే దాని కొరతను కూడా చూపుతుంది.

6. ముగింపు

యుద్ధాంతంలో బ్రహ్మనాయుడు రాజ్యాన్ని నలగామునికే అప్పగించి గుత్తికొండ బిలంలోకి వెళ్ళాడని ప్రతీతి. ఎవరి పాలన కారణంగా జనం సీమను విడిచారో ఆ పాలనే తిరిగి నిలిచింది. వీరుల పేర్లు గుడికెక్కాయి. మండాదిలో కూలిన గొల్లలలో అధికుల పేర్లు దక్కలేదు. పల్నాటి గాథను పౌరుషానికి ప్రతీకగా మాత్రమే బోధించడం ఈ నష్టాన్ని మరింత పెంచుతుంది.

నేటికీ వీరాచారవంతులు వేర్వేరు జిల్లాల నుంచి కొణతాలను మోసుకొని నాగులేటి ఒడ్డుకు చేరుతారు. చెదిరిన జనం ఏడాదికొకసారి తిరిగి వచ్చే ఈ దృశ్యాన్ని విజయోత్సవం అనలేం. రాజ్యం ఎవరికి దక్కిందన్న ప్రశ్నకు బదులుగా, వెళ్ళిపోయినవారు ఏమయ్యారన్న ప్రశ్నతో ఈ గాథను చదివినప్పుడే ఆ రాకలోని అర్థం బోధపడుతుంది.