కుంపటి జరిగితే కాలం మారినట్టే

జులై ఉక్కపోతలో క్యోటోలో జపనీయుల టీ వేడుక జరిగే గదికి పిలిచినా చేతికిచ్చేది మామూలుగా వేడి టీయే. మచ్చా పొడి మీద మరిగిన నీళ్లు పోసి, వెదురు కుచ్చుతో గిలక్కొట్టి ఇస్తారు. మరి చలికాలపు టీకీ దీనికీ తేడా ఏమిటి? ముందుగా, నిప్పు ఎక్కడుందన్నదే.

నవంబరు నుంచి ఏప్రిల్ దాకా నిప్పు నేలలో ఉంటుంది. తతామి చాపల మధ్య సుమారు 42 సెంటీమీటర్ల చదరపు గుంతలో బొగ్గులు పేర్చి, పైన ఇనప కెటిల్ పెడతారు. దీని పేరు ‘రో’. వచ్చినవాళ్లకు సెగ తగిలేంత దగ్గర. మే రాగానే గుంత మూసి చాప పరిచేస్తారు. నిప్పు ‘ఫురో’ అనే కుంపటిలోకి మారి, అతిథులకు దూరంగా జరుగుతుంది. దాంతో బొగ్గుముక్కలు, కెటిల్ చిన్నవవుతాయి. టీ కలిపేవారు కూర్చునే దిశ, గరిటె ఆనించే తీరు కూడా మారతాయి. నిప్పులో వేసే సుగంధం సైతం అంతే: చలికాలంలో ముద్దగా కలిపిన ధూపం పింగాణీ భరిణెలో, వేసవిలో చందనపు చెక్కముక్కలు కొయ్య భరిణెలో. అరనెల చలి మిగిలున్నా మే వచ్చింది కాబట్టి గుంత మూసేయాలనడం మాత్రం నాకు కాస్త చాదస్తంగానే కనిపిస్తుంది.

వేసవిలో చల్లదనం, చలికాలంలో వెచ్చదనం తోచేలా చూడమన్నది టీ గురువు సెన్ నో రిక్యూ (1522–1591) పేరిట చెప్పే ఏడు నియమాల్లో ఒకటి. వేసవిలో ఆ పని నీళ్లు చేస్తాయి. అందుకో పద్ధతి ఉంది, ‘అరాయ్ చాకిన్’. మామూలుగా గిన్నె తుడిచే నారగుడ్డను ముందే తడిపి, మడిచి తెస్తారు. ఇక్కడ అలా కాదు. వెడల్పాటి లోతులేని గిన్నెలో నీళ్లు పోసి, గుడ్డను అందులోనే ఉంచి తెస్తారు. అందరి ముందూ దాన్ని పైకెత్తి పిండుతారు. తర్వాత గిన్నెలో నీళ్లను పారబోత పాత్రలోకి వంపుతారు. గదిలో ఉన్నవాళ్లకు ఆ ధార చప్పుడు స్పష్టంగా వినపడాలి. 19వ శతాబ్దంలో ఉరాసెంకె అనే టీ సంప్రదాయానికి చెందిన గెంగెన్‌సాయ్ ఇంకో అడుగు వేసి, నీళ్లకుండకు మూత బదులు పచ్చటి ఆకు కప్పే పద్ధతి తెచ్చాడు. పని అయ్యాక ఆ ఆకు మడిచి పారేయడమే.

చలికాలపు ఉపాయాలు తేలికగానే ఊహించవచ్చు. గిన్నె లోతుగా, గొట్టంలా ఉంటుంది, వేడి తొందరగా పోదు. మార్చిలో కెటిల్‌ను పైకప్పు నుంచి గొలుసుతో వేలాడదీస్తారు.

నాకు అన్నిటికన్నా నచ్చేది అక్టోబరు. ఎండ పోయింది, గుంత తెరిచే రోజు ఇంకా రాలేదు. అందుకని కుంపటినే చాప మధ్యకు, అతిథుల వైపు జరుపుతారు. నీళ్లకుండకు చోటు తగ్గుతుంది కాబట్టి సన్నగా, పొడుగ్గా ఉండేది వెతుకుతారు. నిరుటి టీ అడుగంటే నెల కూడా ఇదే. అంచు విరిగిన ఇనప కుంపటి, అతుకుల గిన్నె ఇప్పుడే బయటికొస్తాయి.

నవంబరులో గుంత తెరవడం టీ వాళ్లకు కొత్త సంవత్సరంతో సమానం. వసంతంలో కోసి, ఆవిరి పట్టి, ఆరబెట్టిన ఆకు జాడీలో ఉంటుంది. చిక్కటి టీకి ఉద్దేశించిన ఆకు చిన్న కాగితపు సంచుల్లో, ఆ సంచుల చుట్టూ పల్చటి టీకి వాడే ఆకు. అతిథుల ముందే జాడీ మూతకు అతికించిన కాగితాన్ని కోస్తారు. ఆ ఆకును తిరగట్లో విసిరి, ముందు చిక్కటి టీ, తర్వాత పల్చటిది కలిపి ఇస్తారు.