మసకకు మూలం ఎక్కడ?

పీసీ గేములో బొమ్మ మసకబారిందంటే ముందు తేల్చుకోవలసింది ఆ మసక ఎక్కడ పుట్టిందన్నది. గేము గీసిన బొమ్మలోనే ఉండవచ్చు. ఆ బొమ్మను విండోస్ సాగదీసినప్పుడు రావచ్చు. కేబుల్ దాటి మానిటర్‌లోకో టీవీలోకో చేరాక రావచ్చు. ఒక్కోదానికి మందు ఒక్కోటి. సాధారణంగా జరిగేది మాత్రం ఇది: సెట్టింగ్స్ తెరిచి, యాంటీ ఏలియాసింగ్ అన్న మాట కనపడగానే దాన్ని ఆపేస్తారు, బొమ్మ గరుకుగా తయారయ్యేసరికి మళ్లీ పెట్టేస్తారు. మసక మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

మూలాన్ని పట్టుకోవడానికి రెండు చిన్న పరీక్షలు చాలు. మొదటిదానికి తెర మూలనున్న మ్యాపునీ, తూటాల లెక్కనీ, కింద వచ్చే సంభాషణల అక్షరాలనూ చూడాలి. చాలా గేములు వీటిని అన్నిటికన్నా చివర, తెరకున్న పూర్తి రిజల్యూషన్‌లో వేస్తాయి. అక్షరాలు స్ఫుటంగా ఉండి వాటి వెనక చెట్లూ కొండలూ మాత్రమే మసకగా ఉంటే దోషం గేము లోపలి సెట్టింగ్స్‌లో ఉన్నట్టు. అక్షరాలు కూడా అలుక్కుపోతే గేము బయట వెతకాలి. రెండో పరీక్ష నడుస్తూ తీసిన స్క్రీన్‌షాట్. దాన్ని 100 శాతం సైజులో వేరే మంచి తెర మీద చూడాలి. గ్రాఫిక్స్ కార్డు తయారుచేసిన బొమ్మే అందులో ఉంటుంది, మానిటర్ చేసే మార్పులేవీ ఉండవు. అక్కడ బొమ్మ శుభ్రంగా కనిపిస్తే ఇక గేము సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ తప్ప మిగతావాటి జోలికి పోనక్కర్లేదు.

బయటి కారణాల్లో ముఖ్యమైనది రిజల్యూషన్. 2560×1440 పిక్సెళ్ల మానిటర్ మీద గేమును 1920×1080లో నడిపితే ఒక్కో పిక్సెల్‌ను అడ్డంగా, నిలువుగా 1.33 రెట్లు సాగదీయాలి. పిక్సెల్‌ను ముక్క చేయడం కుదరదు కనుక పక్కపక్క రంగులను కలిపేస్తారు. మసక అక్కడే వస్తుంది. 4కె మానిటర్ 1080కు సరిగ్గా రెండింతలు, కాబట్టి ఒక పిక్సెల్‌కు నాలుగు కేటాయిస్తే సరిపోవాలి. కానీ మామూలుగా అక్కడా రంగులు కలిపే పద్ధతే నడుస్తుంది. గ్రాఫిక్స్ డ్రైవర్‌లో ఇంటీజర్ స్కేలింగ్ ఉంటే దాన్ని ఎంచుకోవాలి.

విండోస్ డిస్‌ప్లే స్కేలింగ్ 125, 150 శాతాల్లో ఉన్న ల్యాప్‌టాపుల్లో పాత గేములకు ఇంకో చిక్కుంది. ఈ స్కేలింగ్ సంగతి ఎరగని గేముకు విండోస్ చిన్న తెరను చూపించి, అది గీసినదాన్ని తానే పెద్దది చేస్తుంది. గేము ఈఎక్స్‌ఈ ఫైలు మీద రైట్ క్లిక్ చేసి, ప్రాపర్టీస్‌లో కంపాటిబిలిటీ ట్యాబ్ తెరిచి, హై డీపీఐ సెట్టింగ్స్‌లో ఓవర్‌రైడ్‌కు టిక్ పెట్టి, అప్లికేషన్ అని ఎంచుకుంటే ఇది పోతుంది. టీవీని మానిటర్‌గా వాడేవారు ముందు ఓవర్‌స్కాన్ ఆపాలి. అది బొమ్మ అంచులు కోసేసి మిగతాదాన్ని సాగదీస్తుంది. కొన్ని టీవీలు హెచ్‌డీఎంఐ ఇన్‌పుట్‌ను పీసీ అని గుర్తించేలా మార్చేదాకా రంగుల వివరం తగ్గించే చూపిస్తాయి. నీలం మీద ఎర్ర అక్షరాలు అలుక్కుపోయినట్టుంటే కారణం చాలావరకు అదే.

ఇక గేము లోపలి సంగతి. ఆకాశం ముందు దూరంగా ఒక టెలిగ్రాఫ్ తీగ ఉందనుకుందాం. తెర మీద దాని మందం ఒక పిక్సెల్ కన్నా తక్కువ. గ్రాఫిక్స్ కార్డు ఒక్కో పిక్సెల్‌లో ఒక్కచోటే చూసి రంగు వేస్తుంది. ఆ చోట తీగ తగిలితే నలుపు, తగలకపోతే ఆకాశపు నీలం. అందుకే తీగ తునాతునకలుగా కనిపిస్తుంది. కెమెరా కదిలితే ఆ తునకలు మిణుకుమిణుకుమంటాయి. వాలు అంచులు మెట్లు మెట్లుగా రావడానికీ ఇదే కారణం. దీన్నే ఏలియాసింగ్ అంటారు. నిజమైన విరుగుడు ఒక్కటే: పిక్సెల్‌లో ఒకచోట కాక నాలుగైదు చోట్ల చూసి సగటు కట్టడం. తర్వాత వచ్చిన పద్ధతులన్నీ ఈ పనిని చౌకగా చేయడానికి వెతుక్కున్న దారులే.

ఎంఎస్ఏఏ త్రిభుజాల అంచుల దగ్గర మాత్రమే ఎక్కువ చోట్ల చూస్తుంది. ఒకప్పుడు అదే మేలైనది. పూర్తిగా గీసిన తర్వాత తెర మీది పిక్సెళ్ల మీద వెలుతురు లెక్కగట్టే డిఫర్డ్ షేడింగ్ వచ్చాక దానికి మెమరీ భారం బాగా పెరిగింది. పైగా తడి రాళ్ల మీద మెరుపులను అది ముట్టుకోదు. ఎన్‌విడియాలో టిమొతీ లోట్స్ తయారుచేసిన ఎఫ్ఎక్స్ఏఏ పూర్తయిన బొమ్మలో అంచులను పసిగట్టి మెత్తబరుస్తుంది. పని చౌక, కానీ ఇటుకల గీతలూ గోడల మీది అక్షరాలూ కూడా దానికి అంచులే. వాటినీ మెత్తబరిచేస్తుంది. ఇదే కుటుంబంలో ఎస్ఎంఏఏ కొంత జాగ్రత్త గలది. రెండూ మెనూలో ఉంటే రెండోదాన్నే తీసుకోవాలి.

నేటి మసకలో పెద్ద వాటా టీఏఏది. ఇది ఒక్క ఫ్రేములోనే నాలుగు చోట్ల చూడకుండా, ఫ్రేముకొకచోట చూస్తుంది. ప్రతి ఫ్రేముకూ కెమెరాను పిక్సెల్ కన్నా తక్కువ దూరం జరిపి, వచ్చినదాన్ని పాత ఫ్రేముల సగటులో కలుపుతుంది. అన్‌రియల్ ఇంజన్ 4లో మామూలుగా కొత్త ఫ్రేము వాటా 4 శాతమే, మిగతా 96 శాతం పాతదే. కెమెరా కదలకుండా ఉంటే ఫలితం అద్భుతంగా ఉంటుంది. కదిలితే పాత బొమ్మను కొత్త చోటికి జరపాలి. ఆ చోటు పిక్సెళ్ల మధ్య పడుతుంది కనుక మళ్లీ రంగులు కలపాలి. ప్రతి ఫ్రేములోనూ ఇలా కలిపినదాన్నే తిరిగి కలపడంతో వివరం కరిగిపోతుంది. నిలబడితే స్ఫుటంగా, నడక మొదలుపెట్టగానే మసకగా కనిపించే గేములో మోషన్ బ్లర్ ఆపినా తేడా రాకపోతే అనుమానించవలసింది దీన్నే. సెకనుకు 30 ఫ్రేముల దగ్గర ఇది ఇంకా బాధిస్తుంది, ఎందుకంటే ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య బొమ్మ ఎక్కువ దూరం జరుగుతుంది.

దీనికి మంచి ఉదాహరణ 2019 నవంబరు 5న పీసీకి వచ్చిన రెడ్ డెడ్ రిడెంప్షన్ 2. దాని అడవులూ మంచు లోయలూ గేము కళాకారుల పనితనానికి శిఖరం లాంటివి. 1080 మానిటర్ మీద మామూలు సెట్టింగ్స్‌తో వాటి మీద పల్చని పొర కప్పినట్టు ఉండడం నిజంగా బాధాకరం. టీఏఏ ఆపేస్తే ఆ పొర పోతుంది. కానీ అప్పుడు కథానాయకుడు ఆర్థర్ మోర్గన్ గడ్డాన్ని దగ్గరగా చూడాలి. వెంట్రుకలు పోగులుగా కాక చుక్కచుక్కలుగా విడిపోతాయి. చెట్ల ఆకులు చీమలు పాకినట్టు కదలాడతాయి. పారదర్శకతను నిజంగా లెక్కగట్టకుండా చుక్కల జల్లెడగా గీసి, టీఏఏ వాటిని కలిపేస్తుందన్న నమ్మకంతోనే ఆ బొమ్మను తయారుచేశారు. కాబట్టి ఇక్కడ ఆపడం పరిష్కారం కాదు. ఎంఎస్ఏఏ జోడించినా జుట్టు బాగుపడదు, ఫ్రేములు మాత్రం పడిపోతాయి.

ఈ గేములో సరైన దారి టీఏఏను ఉంచి, ఎఫ్ఎక్స్ఏఏను ఆపి, షార్ప్‌నింగ్‌ను కొద్దిగా పెంచడం. అంచుల చుట్టూ తెల్లని గీత కనపడేదాకా పెంచకూడదు. షార్ప్‌నింగ్ పోయిన వివరాన్ని తేలేదు, ఉన్న తేడాను పెంచి చూపిస్తుంది, అంతే. గ్రాఫిక్స్ కార్డులో ఇంకా సత్తువ ఉంటే రిజల్యూషన్ స్కేల్‌ను 1.25కు తీసుకెళ్లాలి. 1080 మానిటర్ మీద గేము అప్పుడు 2400×1350లో గీస్తుంది. పిక్సెళ్లు 20.7 లక్షల నుంచి 32.4 లక్షలకు పెరుగుతాయి, పని కూడా దాదాపు ఆ మేరకు పెరుగుతుంది. టీఏఏ మసకకు ఇంతకన్నా నమ్మకమైన మందు లేదు.

ఎన్‌విడియా డీఎల్ఎస్ఎస్, ఏఎండీ ఎఫ్ఎస్ఆర్ 2, ఇంటెల్ ఎక్స్ఈఎస్ఎస్ కూడా పాత ఫ్రేములను కలిపే పద్ధతులే. తక్కువ రిజల్యూషన్‌లో గీసి, కలుపుతూ పెద్దది చేస్తాయి. క్వాలిటీ అన్న పేరు చూసి మోసపోకూడదు. 1080 తెర మీద డీఎల్ఎస్ఎస్ క్వాలిటీలో గేము నిజంగా గీసేది 1280×720, అంటే 9.2 లక్షల పిక్సెళ్లు. పెర్ఫార్మెన్స్‌లో అయితే 960×540. 4కెలో అదే పెర్ఫార్మెన్స్ 1080లో గీస్తుంది కనుక అక్కడ హాయిగా ఉండే సెట్టింగ్ 1080 మానిటర్ మీద మసకగా తేలుతుంది. ఒకరి సెట్టింగ్స్ ఇంకొకరికి పనికిరాకపోవడానికి ఇది ప్రధాన కారణం. చాలా గేములు మొదటిసారి తెరవగానే కార్డును బట్టి వీటిని తామే పెట్టేస్తాయి, కాబట్టి మెనూలో ముందు చూడవలసిన వరుస ఇదే. ఫ్రేములకు కరువు లేని, డీఎల్ఎస్ఎస్ నడిచే ఎన్‌విడియా కార్డు ఉంటే డీఎల్ఏఏ ఎంచుకోవాలి. అది పూర్తి రిజల్యూషన్‌లోనే గీసి కలుపుతుంది. 1080లో ఆడేవారికి ఇది నిజమైన మేలు.

మోషన్ బ్లర్, డెప్త్ ఆఫ్ ఫీల్డ్, ఫిల్మ్ గ్రెయిన్, క్రొమాటిక్ అబరేషన్ కావాలని వేసినవి, నచ్చకపోతే తీసేయవచ్చు. చివరిది తెర అంచుల్లో రంగులను విడదీస్తుంది. బొమ్మ మధ్యలో బాగుండి అంచుల్లోనే మసకైతే దాని పనే. కాళ్ల దగ్గర నేల శుభ్రంగా ఉండి పది అడుగుల దూరం నుంచి అలుక్కుపోతే అనైసోట్రోపిక్ ఫిల్టరింగ్ తక్కువగా ఉన్నట్టు. దాన్ని 16కు పెట్టాలి, నేటి కార్డులకు అదొక భారమే కాదు. గోడల మీది రాతలు దగ్గరికి వెళ్లి నిలబడినా తేటపడకపోతే టెక్స్చర్లకు వీడియో మెమరీ చాలడం లేదు. అక్కడ టెక్స్చర్ క్వాలిటీని ఒక మెట్టు దించితేనే బొమ్మ మెరుగవుతుంది.

ఏది మార్చినా ఒకసారికి ఒక్కటే మార్చాలి. గేము సేవ్ చేసి, అదే చోట, అదే వెలుతురులో, ఒకసారి నిలబడి, ఒకసారి నడుస్తూ చూడాలి. నిలబడి తీసిన స్క్రీన్‌షాట్‌లో టీఏఏ ఎప్పుడూ నెగ్గుతుంది, దాని లోపం నడకలోనే తెలుస్తుంది.

ఇవన్నీ సరిచేశాక కూడా కెమెరా తిప్పినప్పుడు మాత్రమే మసక మిగిలితే అది తెర స్వభావం. 60 హెర్ట్జ్ మానిటర్ ఒక్కో ఫ్రేమును 16.7 మిల్లీసెకన్లు కదలకుండా నిలిపి ఉంచుతుంది, కన్ను మాత్రం కదిలే వస్తువు వెంట పోతూనే ఉంటుంది. సెకనుకు 960 పిక్సెళ్లు జరిగే బొమ్మ అప్పుడు 16 పిక్సెళ్ల మేర అలుక్కున్నట్టు కనిపిస్తుంది. 120 హెర్ట్జ్‌లో, ఫ్రేములు కూడా 120 వస్తే, అది 8కి తగ్గుతుంది. కొన్ని మానిటర్లు ఫ్రేముకూ ఫ్రేముకూ మధ్య బ్యాక్‌లైట్ ఆర్పి దీన్ని ఇంకా తగ్గిస్తాయి. వెలుతురు తగ్గడం, కొందరి కళ్లకు ఆ మిణుకు పడకపోవడం దాని ఖరీదు.